కోరుట్ల క్యాసెట్టు, రెండో దిక్కు

మొగులయ్య లెక్క ప్రకారం పాపమంతా పురుషోత్తందే. ఆ ఆదివారం పురుషోత్తం జల్దీ చేయకపోతే ఏమీ అయ్యేది కాదు. చేస్తే చేశాడు, ఆ తర్వాత అంత గట్టిగా నవ్వకుండా ఉండాల్సింది. కార్వాన్‌లో సుతిలి, తాళ్లు, గోనెసంచులు టోకున అమ్మే సేటుకు ఇంకొకడి కొంప మునిగితే అంత నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో మొగులయ్యకు ఇప్పటికీ అంతు పట్టదు.

మొగులయ్యది బస్సు డిపోలో టైర్ల పని. తండ్రి పోయిననాడు నాలుగో తరగతి పలక గూట్లో పెట్టి, తోపుడుబండి చేతబట్టాడు. పలక మళ్లీ దించలేదు. చదువు రాకపోయినా చెవులున్నాయి. రేడియోలో ఏ పాట ఎప్పుడొచ్చినా రెండు ముక్కల్లో పట్టేసేవాడు. మంచి పాట వస్తే అన్నం గిన్నె పక్కకు నెట్టి, టేపు రికార్డరు మీట నొక్కేవాడు. అట్లా పట్టిన పాటలు ఒక వరుసలో పేర్చి, నడుమ నడుమ తను మాట్లాడి, క్యాసెట్టు నింపడం ఆయనకు పిచ్చి. పాటలతో ఊరుకునేవాడు కాదు. గుడిమల్కాపూర్ పూలమండీలో తెల్లారగట్ల వేలం కేకలు, వీధిలో పెండ్లి ఊరేగింపు మర్ఫా దరువు, డిపోలో ఇంజను స్టార్టు కాక దగ్గే దగ్గు, అన్నీ అందులోకి ఎక్కించేవాడు.

ఎవరు వింటారు అవన్నీ? భార్య నీలమ్మ వినదు. డిపోలో వాళ్లు నవ్వుతారు. వినే మనిషి రేడియోలోనే దొరికాడు. ఫర్మాయిషీ పాటల్లో పేర్లు చదువుతుంటే, మొగులయ్య పడి చచ్చే పాత పాటలనే ప్రతివారం ఒకడు అడిగేవాడు. ‘కోరుట్ల నుంచి కైలాసం.’ ఏడో తరగతి చదివిన నీలమ్మతో ఒక కార్డు రాయించాడు. వీధి పేరు తెలియదు, ఇంటి నంబరు తెలియదు. ‘రేడియోల పేరొచ్చే కైలాసం, కోరుట్ల’ అని రాస్తే చేరింది. అక్కడి పోస్టుమన్ కూడా ఆ పాటలే వింటాడట.

అప్పటి నుంచి మూడేండ్లుగా రాకపోకలు. నాలుగు క్యాసెట్లు ఇద్దరి మధ్య మగ్గం నాడెలాగ తిరిగేవి. కొత్తది కొనే స్థోమత ఇద్దరికీ లేదు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వచ్చింది వినాలి, నచ్చింది వేరే క్యాసెట్టు మీదికి దించుకోవాలి, తర్వాత తుడిచి, తన పాటలు నింపి పంపాలి. నీలమ్మ గుడ్డ సంచి కుట్టేది, లక్క ముద్ర పడేది, పార్శిలు పోయేది. ఉత్తరాలు లేవు. చెప్పాల్సిందేదైనా పాట అయిపోయినంక క్యాసెట్టులోనే చెప్పుకునేవారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

ఈ మంచి వ్యవహారంలోకి పురుషోత్తం ఎట్లా దూరాడంటే, రెండు క్యాసెట్లు ఒకేసారి పట్టే దుబాయి మిషను వల్ల. ఒక దిక్కు పాట మోగుతుంటే ఇంకో దిక్కు అదే దిగిపోతుంది. దుబాయి నుంచి వచ్చిన ఒకాయన అమ్ముతున్నాడని తెలిసి మొగులయ్యకు నిద్ర పట్టలేదు. సగమే చేతికందింది. తన పాత టేపు రికార్డరు కూడా అమ్మితే ఆ సగం. మిగతా సగం పురుషోత్తం వేశాడు, ఆయనకూ పాటలంటే సరదానే. మిషను పురుషోత్తం మేడమీది గదిలో ఉండాలి, మొగులయ్యది ఒంటి గది ఇల్లు కాబట్టి. ఆదివారం పగటన్నం తిన్నంక మొగులయ్య వచ్చి వాడుకోవాలి. ఒప్పందం అది.

కాని కైలాసానికి పంపిన క్యాసెట్టులో మొగులయ్య గొంతు వేరేగా పలికింది.

“తమ్మీ, రెండు నోళ్ల మిషన్ తెచ్చిన. ఒక నోట్ల పెడితే ఇంకో నోట్ల కాపీ వస్తది. నాదే. నీకేం కావాల్నన్నా కాపీ తీసిస్త, ఫికర్ చెయ్యకు.”

నాదే అన్నాడు. సగం నాది అంటే నోరు అరిగిపోయేదా?

ఆ ఆదివారం పురుషోత్తం చేతికి వాచీ కట్టుకుంటూ గదిలో నిలబడ్డాడు. సైదాబాద్‌లో ఎవరిదో పెండ్లి.

“జల్ది కానియ్యి, మొగులయ్యా. తాళమేస్కొని పోవాలె.”

“గంట సేపన్న కూసోనియ్యి, సేటూ. సగం నాది గదా.”

“సగం నీదే. తాళంచెవి మాత్రం మొత్తం నాది.”

మొగులయ్య కోరుట్ల నుంచి కొత్తగా వచ్చిన క్యాసెట్టు తీశాడు. మామూలుగా అయితే మొదటి నుంచి చివరి దాకా కదలకుండా వినేవాడు. ఆనాడు మొదటి దిక్కు కొంచెం మోగించాడు. మంచి పాటలు. వీటిని దించుకోవాలి అనుకున్నాడు. తిప్పి రెండో దిక్కు పెట్టాడు. పాట లేదు. కచ్, కచ్ మని కత్తెర చప్పుడు. ఒక ముసలామె దగ్గు. మళ్లీ కత్తెర. తర్వాత ఆ గొంతే సన్నగా ఎత్తుకుంది.

‘ఆకుల మూట దించరాదె అక్కా, పొద్దు వాలిపాయె...’

“ఏంది గా లొల్లి? దగ్గులు గిట్ల గూడ పంపుతరా మీరు?” అన్నాడు పురుషోత్తం.

మొగులయ్యకు సిగ్గేసింది. కైలాసం డబ్బా బందు చేయడం మరిచి ఇంట్లో చప్పుళ్లన్నీ ఎక్కించుకున్నాడు కాబోలు అనుకున్నాడు. డిపో ఇంజను దగ్గును తనే పంపిన సంగతి ఆ నిమిషం గుర్తు రాలేదు. ఎట్లాగూ తుడిచి నింపేదే కదా, ముందు ఈ పనికిరాని దిక్కు నింపుదామని రికార్డు మీట నొక్కాడు. మీట దిగలేదు.

క్యాసెట్టు వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, దిక్కుకొకటి. ముక్క విరిగి తూటు పడితే ఆ దిక్కు రికార్డు కాదు. అయితే కార్వాన్‌లో తూటు లేని క్యాసెట్టు ఎవడు చూశాడు? అందరూ జుమ్మేరాత్ బజార్లో పాత క్యాసెట్లు సగం ధరకు కొనేవాళ్లే. తూటు కనబడితే కాగితం మడిచి దూర్చడం, మీట నొక్కడం. మొగులయ్య చేతికి అది బీడీ ముట్టించినంత అలవాటు. అగరొత్తుల డబ్బా అట్ట ముక్క చింపి, నాలుగు మడతలు పెట్టి, తూటులో కుక్కాడు. మీట దిగింది.

రెండో దిక్కు తన పాటలతో నిండింది. తిప్పి, మొదటి దిక్కు పాటలు దించుకోవడం మొదలుపెట్టాడు. పురుషోత్తం మూడుసార్లు వాచీ చూసుకున్నాడు. చివరి పాట అయిపోయాక కైలాసం గొంతు వచ్చింది. ఎప్పటిలాగ హుషారుగా లేదు.

“మొగులన్నా, ఇగ నేను చెప్పేది మంచిగిను. ఇంకో దిక్కు మా అమ్మ పాట ఉన్నది. బీడీలు చేసుకుంట పాడుతుంటే ఆమెకు తెల్వకుంట పట్టిన. అమ్మ పోయిన నెల చనిపోయింది అన్నా. ఆమె గొంతు ఉన్నది గదొక్కటే. నా డబ్బ రీలు మింగుతున్నది, పెట్టాల్నంటే భయమైతుంది. నీ రెండు నోళ్ల మిషన్ మీద ఇంకోటి తీసి, రెండూ పంపు. ఎవ్వలూ చెయ్యి పెట్టకుంట ఎనక ముక్క ఇరగ్గొట్టిన. నీకు చెప్పాల్నా, తూటు చూస్తె నీకే తెలుస్తది.”

పురుషోత్తం నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత పొట్టంతా ఊగేట్టు.

“అరెరే! చచ్చిన ముసలమ్మను మళ్ల సంపినవ్ కదనే!”

మొగులయ్య అట్ట ముక్క ఊడబీకాడు. ఇప్పుడు బీకితే ఏం లాభం?

మర్నాడు డిపోకు పోకుండా రేడియో మెకానిక్ దగ్గరికి పోయాడు. అతను క్యాసెట్టు చేతిలోకి కూడా తీసుకోలేదు. “గోడకు సున్నమేసినంక పాత రంగు అడిగినట్టున్నది నీ ముచ్చట” అన్నాడు.

పదిహేను రోజులు గడిచాక కోరుట్ల నుంచి కార్డు వచ్చింది. నీలమ్మ చదివింది. అందిందా అన్నా, అమ్మ పాట మంచిగుందా, చెల్లె చంద్రమ్మ రోజూ అడుగుతున్నది. అంతే.

“ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. పొరపాటాయె, తుడుచుకపాయె అని. నేను రాస్త” అంది నీలమ్మ.

“ఏమని రాస్తవ్? తల్లి గొంతు ఇని, లొల్లనుకొని, అట్టముక్క పెట్టి తుడిచిండని రాస్తవా?”

“ఔ. గదే రాస్త.”

“పురుషోత్తం జల్ది చేసిండని గూడ రాయి మరి.”

నీలమ్మ కార్డు గూట్లో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెకు కోపమొస్తే మాట్లాడదు. పప్పు మాత్రం మాడుతుంది.

ఇంటికి అడ్డగోడ అవతల ఆగమ్మ ఉంటుంది. అరవై దాటిన మనిషి. పూలమండీ నుంచి విడిపూలు తెచ్చి, మాలలు కట్టి అమ్ముకుంటుంది. పుట్టిల్లు కోరుట్లకు రెండు కోసుల దూరం. ఆ సాయంత్రం ఆమె మాల కట్టుకుంటూ ఏదో పాడుతుంటే మొగులయ్య గోడకు ఆనుకుని విన్నాడు. ఆ యాసే, ఆ సాగదీతే. మనిషి బుద్ధి గడ్డి తినాలనుకుంటే గడ్డి ఎదురొస్తుంది.

“అవ్వా, ఆకుల మూట దించరాదె అక్కా అని ఒక పాటున్నది, ఎరుకేనా?”

“గది మా దిక్కు పాటనే, బిడ్డా! మా అత్తతోని ఆకు కోయ పొయ్యినప్పుడు పాడుకునేది. నీకెట్ల తెల్సె?”

“రేడియోవాళ్లు అడుగుతున్నరు. నువ్వు పాడితే రేడియోల వస్తది.”

నోటికొచ్చిన అబద్ధం అది. ఆగమ్మ ముఖం చూసి వెనక్కి తీసుకోలేకపోయాడు. ఆదివారం ఆమె తల దువ్వుకుని, పెట్టెలోని జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది.

“రేడియోల చీర కనవడదు, అవ్వా.”

“కనవడకపోతేంది? పాడేటామె మంచిగ తయారైందో లేదో ఇనేటోళ్లకు తెల్వదా?”

పురుషోత్తం మేడ మీద ఆమె పాడింది. మొగులయ్య నీలమ్మ కుట్టుపని కత్తెర తెచ్చి, మోదుగాకు విస్తరి చించి, ఆకు మీద కచ్ కచ్ మనిపించాడు. పురుషోత్తం నోరు మూసుకుని నవ్వుతూ, గొంతు దగ్గర చెయ్యి పెట్టి దగ్గమని సైగ చేశాడు. ఆగమ్మకు అర్థం కాలేదు. మొగులయ్య ఆమెను దగ్గమని అడగలేకపోయాడు. అంత మాత్రం సిగ్గు మిగిలింది.

నీలమ్మ సంచి కుట్టనంది. ఆయనే కుట్టాడు, దూరదూరంగా టాకాలు వేసి. పార్శిలు పోయింది.

ఆగమ్మ రోజూ గోడ మీది నుంచి అడిగేది. “మొగులయ్యా, నా పాట ఎప్పుడొస్తది?” వస్తది అవ్వా, వరుసలున్నది అనేవాడు. ఆమె ఉన్న ఒక్క ముక్కుపుల్లా అమ్మి పాత రేడియో కొంటానంటే వద్దు వద్దని కాళ్లావేళ్లా పడ్డాడు. ముక్కుపుల్ల పోతే ఆ పాపం ఎవరి తలకు చుట్టుకుంటుందో ఆయనకు తెలుసు.

కైలాసం జవాబు క్యాసెట్టులోనే వచ్చింది. పురుషోత్తం ఎదురుగానే వినక తప్పలేదు.

“మొగులన్నా, నీ మిషన్ మామూలుది కాదు. అమ్మ దగ్గు మొత్తం తీసేసింది! గొంతు పదేండ్లు చిన్నగైంది. చెల్లె ఇని, ఇది అమ్మ గాదు, మనమ్మ గాదు అని ఒకటే ఏడుపు. తిట్టిన అన్నా. పెద్ద మిషన్ల పడితె గొంతు మారుతది, అంత దూరం మనిషి మన కోసం కష్టపడి పంపితె గట్లంటవా అని కొట్టిన గూడ. అన్నం తింటలేదు. ఆ మిషన్ మీదనే ఇంట, అప్పుడు నమ్ముత అంటున్నది. వచ్చే ఆదివారం తీస్కొస్తున్న. నిన్ను చూసినట్టుంటది.”

కొట్టిన గూడ. ఆ మాట దగ్గర మొగులయ్య మీట నొక్కి ఆపాడు. నిజం పట్టుకున్న పిల్లకు దెబ్బ పడింది. అబద్ధం కుట్టి పంపిన మనిషికి పొగడ్త దక్కింది.

ఇప్పుడైనా రాద్దాం, రావద్దని, జరిగింది ఇదని అంది నీలమ్మ. రాస్తే అయిపోయేది. మొగులయ్యకు మాత్రం ఒకటే గుబులు: నాదే అన్న మిషను ఇంట్లో లేదే! మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడంటారు. ఈయన బండరాయిని పట్టుకున్నాడు. పురుషోత్తం దుకాణానికి పోయి నిలబడ్డాడు.

“ఒక్క పూట, సేటూ. మిషన్ మా ఇంట్ల పెట్టనియ్యి.”

పురుషోత్తం సుతిలి ఉండ చుడుతూ తల ఎత్తలేదు. “తీస్కపో. ఆదివారం పూర్తిగ నీదే. సోమారం పొద్దుగాల నుంచి పూర్తిగ నాది. సగం, పొత్తు అనే మాట ఇగ రావద్దు. సరేనా?”

“అన్యాయం, సేటూ.”

“మరి కోరుట్లోళ్లకు న్యాయం చెప్పమంటవా?”

మొగులయ్య తల ఊపాడు.

ఆదివారం అన్నాచెల్లెళ్లు వచ్చారు. గొంతు విని నలభై ఏండ్ల మనిషి అనుకున్నాడు గాని, కైలాసం పాతికేళ్ల బక్కపలచటి పిల్లగాడు. వంగి కాళ్లు మొక్కాడు. చంద్రమ్మ వెనక నిలబడింది. ముఖం వాడిపోయి ఉంది. కైలాసం సంచిలోంచి దారం కట్టిన బీడీకట్ట ఒకటి తీసి మొగులయ్య ముందు పెట్టాడు.

“అమ్మ చేతులతోని చుట్టిన ఆఖరి కట్ట అన్నా. ఎవ్వలకు ఇయ్యలే. నీకే తెచ్చిన.”

మొగులయ్య దాన్ని ముట్టుకోలేదు. నీలమ్మ నీళ్ల చెంబు ఇచ్చి, తల వంచుకుని లోపలి మూలకు పోయింది.

మిషను చూసి కైలాసం కండ్లు మెరిశాయి. వెంట తెచ్చిన క్యాసెట్టు అందించాడు. “పెట్టు అన్నా. ఇది ఇననియ్యి.” చెల్లెలి వైపు తిరిగి, “ఇను. చెవులు పెట్టి ఇను” అన్నాడు.

మొగులయ్య మీట నొక్కాడు. మిషను రెండు స్పీకర్లలోంచి కత్తెర చప్పుడు, ఆ వెంటనే పాట, గదంతా నిండి, కిటికీ దాటి, అడ్డగోడ దాటి పోయింది. చంద్రమ్మ కండ్లు మూసుకుని వింది. రెండో చరణం దాకా వచ్చేసరికి ఆమె తల అడ్డంగా ఊగడం మొదలైంది.

అప్పుడే తలుపు దబ్బున తెరుచుకుంది. ఆగమ్మ. ఒడిలో పూలు, చేతిలో సగం కట్టిన మాల, ముఖమంతా నవ్వు.

“నీలమ్మా! ఒచ్చింది! నా పాట రేడియోల ఒచ్చింది!”

ఆగమ్మ గదిలో కొత్తవాళ్లను చూసింది, మిషను చూసింది. నవ్వు కొంచెం తగ్గింది.

“గిది రేడియో గాదా, బిడ్డా?”

చంద్రమ్మ లేచి ఆమె దగ్గరికి పోయింది. “అవ్వా, ఈ పాట నువ్వు పాడిందేనా?”

“నేను గాకుంటె మరెవలు? మొగులయ్యనే గదా కత్తెర ఆడిచ్చిండు.”

కైలాసం చెయ్యి చాచి మిషను బందు చేశాడు. అంత పని తెలిసిన చెయ్యి, మీట కోసం తడుముకుంది.

“అమ్మది ఏది అన్నా?”

“తుడుచుకపాయె, తమ్మీ.” అన్నాడు మొగులయ్య. “తూటుకు అట్టముక్క పెట్టిన. మా దిక్కు గదే అలవాటు... ఆనాడు పురుషోత్తం అని ఒక సేటు, పెండ్లికి పోవాలె జల్ది జల్ది అని...”

మధ్యలో ఆగిపోయాడు. ఆ పేరు ఈ గదిలో ఎంత చిన్నగా ఉందో అప్పుడు వినబడింది.

కైలాసం కోపం చేస్తాడని చూశాడు. ఒక్క చెంపదెబ్బ కొడితే చాలు, ఎంతోకొంత తీరిపోయేది. కైలాసం ఆయన వైపు చూడనే లేదు. చెల్లెలిని చూస్తున్నాడు. “నిన్ను కొట్టిన గదనే, చంద్రీ” అన్నాడు.

చంద్రమ్మ మొగులయ్య ముందు కూర్చుంది.

“తుడిచే ముంగట ఇన్నవా?”

“ఇన్న. జరంత.”

“ఏమిన్నవ్?”

“కత్తెర. దగ్గు. మళ్ల కత్తెర. ఒక్క మాట పాడింది.”

“మా అమ్మను ఆఖరికి ఇన్నది నువ్వే. అన్న గూడ భయపడి మళ్ల పెట్టలే. ఎట్ల పాడిందో గట్ల పాడు. ఈ అవ్వ పాడినట్టు గాదు. నువ్విన్నట్టు.”

మొగులయ్య నీలమ్మ వైపు చూశాడు. ఆమె మూలలోంచి కదలలేదు. టైర్ల రబ్బరు పొగ పీల్చి పీల్చి మొద్దుబారిన గొంతుతో మొదలుపెట్టాడు. ‘ఆకుల మూట’ దగ్గర ఊపిరి ఆగింది, ఆమెకు అక్కడే ఆగింది. ‘దించరాదె’ అన్నది కిందికి జారింది. ‘అక్కా’ దగ్గర గొంతు చీలింది. కావాలని చీల్చింది కాదు. ‘పొద్దు వాలిపాయె’ దాకా పాడి ఆపాడు. అక్కడి నుంచి ఆయన దగ్గర ఏమీ లేదు. అక్కడే మీట నొక్కాడు.

“ఔ,” అంది చంద్రమ్మ. “అక్కా కాడ గట్లనే అంటది.”

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఆగమ్మ కాళ్లకు మొక్కింది. “మంచిగ పాడినవ్, అవ్వా” అంది. ఆగమ్మ చేతిలోని మాల ఏం చేయాలో తెలియక ఆ పిల్ల తలలో పెట్టింది. తర్వాత చంద్రమ్మ వంగి, మొగులయ్య ముందున్న బీడీకట్ట తీసుకుని, రొంటిన దోపుకుంది. క్యాసెట్టు తీసుకోలేదు. బస్సు వేళైందని ఇద్దరూ వెళ్లిపోయారు. నీలమ్మ సందు చివరి దాకా వాళ్ల వెంట పోయింది. మొగులయ్య గడప దాటలేకపోయాడు.

సోమవారం పొద్దున్నే ఇద్దరు హమాలీలు వచ్చి మిషను మోసుకుపోయారు. ఆగమ్మ మళ్లీ పాట ఎప్పుడొస్తుందని అడగలేదు. మాల కట్టేటప్పుడు ఇప్పుడు ఏమీ పాడడం లేదు. రేడియోలో ఫర్మాయిషీ మొదలైతే మొగులయ్య చెవి కోరుట్ల పేరు కోసం నిక్కబొడుచుకుంటుంది. ఆ పేరు ఇంతవరకు రాలేదు. వస్తుందేమోనన్న భయానికి సగంలో బందు చేస్తాడు.

డిపోలో ఎవరైనా, ఏందే మొగులయ్యా, పాటలు పట్టుడు బందు పెట్టినవా అని అడిగితే, ఆయన టైరు మీది నుంచి తల ఎత్తి పురుషోత్తాన్ని తిట్టడం మొదలుపెడతాడు. పొత్తుల మిషన్, మాయ మాటలు, నమ్మి మునిగిన అంటాడు. ఎంత పోయిందే అని అడుగుతారు. మిషనులో తను పెట్టిన సగం అడిగిందే తడవుగా చెప్తాడు, ఎందుకంటే ఆ అంకె చెప్తే ఇంకేదీ చెప్పే అవసరం ఉండదు.

“పదకొండు వందల యాభై రూపాయలు.”